తీరిక తక్కువ, సస్పెన్స్ కావాలి: ఏ మాంగా ముందు పట్టుకుంటే మేలు?

సస్పెన్స్ మాంగా (జపాన్ కామిక్స్) ఏదైనా చెప్పమంటే చాలామంది నోట ముందు వచ్చే పేరు డెత్ నోట్. మంచి సిరీసే. కానీ అడిగినవాళ్లు రోజుకు అరగంట కూడా గట్టిగా దొరకని విద్యార్థులో, కొత్తగా ఉద్యోగంలో కుదురుకుంటున్నవాళ్లో అయితే ఆ సలహా మూడో వాల్యూమ్ దగ్గర బోల్తా పడుతుంది. పరీక్షలు గానీ, పని ఒత్తిడి గానీ వచ్చి పది రోజులు పక్కన పెడతారు. మళ్లీ తెరిచేసరికి ఎవరు ఎవరిని ఎందుకు అనుమానిస్తున్నారో గుర్తుండదు. వెనక్కి వెళ్లి చదివే ఓపిక ఉండదు. పుస్తకం అక్కడే ఆగిపోతుంది.

అందుకే తీరిక లేనివాళ్లకు సిరీస్ చెప్పేటప్పుడు ఎన్ని వాల్యూమ్‌లని మాత్రమే చూస్తే చాలదు. వారం గ్యాప్ తర్వాత తెరిస్తే కథ మీద పట్టు ఎంత త్వరగా దొరుకుతుంది? మధ్యలో తృప్తిగా ఆపేయగల మజిలీ ఉందా? ఈ రెండు ప్రశ్నలతో ఐదు సిరీస్‌లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు టైమ్ లెక్క. మామూలు వాల్యూమ్ 190 పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. మాటలు తక్కువున్న పేజీకి పదిహేను సెకన్లు చాలు, అంటే వాల్యూమ్‌కు ముప్పావు గంట. మాటలు కిక్కిరిసి ఉంటే పేజీకి పాతిక సెకన్లు పడుతుంది, అప్పుడు వాల్యూమ్‌కు గంటా ఇరవై నిమిషాలు. పన్నెండు వాల్యూమ్‌ల సిరీస్‌లో ఈ తేడా ఏడు గంటల దాకా వస్తుంది. ఇవి సగటు వేగానికి వేసిన లెక్కలు. మీ వేగం తెలియాలంటే ఏదైనా ఒక చాప్టర్‌కు గడియారం పెట్టి చూసుకోండి.

డెత్ నోట్‌తో ప్రామిస్డ్ నెవర్‌లాండ్

రెండూ వీక్లీ షోనెన్ జంప్ అనే జపాన్ వారపత్రికలో వచ్చినవే. రెండింట్లోనూ తెలివికి తెలివి ఎదురు నిలుస్తుంది. పోలిక అంతవరకే.

డెత్ నోట్‌కు కథ త్సుగుమి ఓబా, బొమ్మలు తాకేషి ఒబాతా. 2003 డిసెంబరు నుంచి 2006 మే దాకా నడిచింది. 108 చాప్టర్లు, 12 వాల్యూమ్‌లు. 13 అంకెతో కనిపించేది గైడ్ పుస్తకం, కథ కోసం అది అవసరం లేదు. ముఖం తెలిసిన మనిషి పేరు నోట్‌బుక్‌లో రాస్తే ఆ మనిషి చనిపోతాడు. కారణం రాయకపోతే 40 సెకన్లలో గుండెపోటు. కారణం రాస్తే వివరాలు రాయడానికి మరో 6 నిమిషాల 40 సెకన్లు. ఇలాంటి నియమాలు చాప్టర్ల మధ్య విడి పేజీల్లో వస్తుంటాయి. చాలామంది వాటిని అలంకారం అనుకుని తిప్పేస్తారు. అక్కడే దెబ్బ తింటారు, ఎందుకంటే తర్వాత వచ్చే ఎత్తులన్నీ ఆ నియమాల సందుల్లోంచే పుడతాయి.

ఈ సిరీస్ మీకు సరిపోతుందో లేదో రెండో చాప్టరే చెప్పేస్తుంది. నోట్‌బుక్‌తో చంపుతున్న హంతకుణ్ణి రెచ్చగొట్టడానికి ఎల్ అనే డిటెక్టివ్ టీవీలో ఒక ప్రసారం ఏర్పాటు చేస్తాడు. ప్రపంచమంతా వస్తోందని ప్రకటించి, నిజానికి జపాన్‌లో టోక్యో ఉన్న కాంటో ప్రాంతంలో మాత్రమే వేయిస్తాడు. హంతకుడు స్పందించగానే అతను కాంటోలోనే ఉన్నాడని తేలిపోతుంది. వేల మైళ్ల వెతుకులాట ఒక్క దెబ్బతో ఒక ప్రాంతానికి కుదించుకుపోతుంది. ఆ తర్కం చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంటే ఈ సిరీస్ మీదే. ‘ఎన్ని మాటలో’ అనిపిస్తే మాత్రం ముందుకు వెళ్లేకొద్దీ ఇంకా పెరుగుతాయని తెలుసుకోండి. ‘నేను ఇలా అనుకుంటున్నానని అతను అనుకుంటాడు కాబట్టి...’ తరహా ఆలోచనలు బుడగల నిండా పేజీల తరబడి సాగుతాయి. మొత్తం పదహారు గంటల చదువు. బస్సులో పది నిమిషాలు, భోజనం దగ్గర పది నిమిషాలు అని ముక్కలు చేస్తే గొలుసు తెగిపోతుంది. వారానికి ఒక్కసారైనా సరే, ఏకబిగిన రెండు గంటలు కూర్చోగలిగితేనే దీన్ని మొదలుపెట్టాలి. మధ్యలో ఆగడానికి ఒక చోటు ఉంది: 7వ వాల్యూమ్ నడుమ పెద్ద అంకం ముగిసి కథ కొన్నేళ్లు ముందుకు దూకుతుంది. అక్కడ నెల రోజులు ఆగినా నష్టం లేదు.

ది ప్రామిస్డ్ నెవర్‌లాండ్ దీనికి పూర్తిగా వేరే దారి. కథ కాయు షిరాయి, బొమ్మలు పోసుకా దెమిజు. 2016 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా 181 చాప్టర్లు, 20 వాల్యూమ్‌లు. 20 అనగానే బెదిరిపోకండి. గ్రేస్ ఫీల్డ్ అనే అనాథాశ్రమంలో 38 మంది పిల్లలు, వాళ్లను కన్నతల్లిలా చూసుకునే ఒక ‘మామా’. పిల్లల్లో పెద్దవాళ్లు ఎమ్మా, నార్మన్, రే. ముగ్గురికీ పదకొండేళ్లు. మొదటి చాప్టర్‌లో ఒక పాప మరిచిపోయిన బొమ్మ కుందేలును ఇవ్వడానికి ఇద్దరు పిల్లలు వెళ్లొద్దన్న గేటు దాకా వెళ్తారు. అక్కడ ఏం చూశారో చెప్పను. అప్పటినుంచి ప్రశ్న ఒక్కటే: ఈ ఇంట్లోంచి బయటపడటం ఎలా?

వారం తర్వాత తెరిచినా ఆ ప్రశ్న గుర్తుంటుంది. ఒక ఇల్లు, ఒక అడవి, ఒక గోడ, ముగ్గురు పిల్లలు, ఒక తల్లి. అంతకుమించి బుర్రలో మోయాల్సిందేమీ లేదు. ఆ మొదటి అంకం 37వ చాప్టర్‌తో, అంటే 5వ వాల్యూమ్ మొదట్లోనే ముగుస్తుంది. మూడు గంటల పైచిలుకు చదువు. తర్వాత కథ బయటి ప్రపంచంలోకి వెళ్లి సాహసగాథగా మారుతుంది. నచ్చేవాళ్లకు నచ్చుతుంది గానీ, తలుపు అవతల అడుగుల చప్పుడు వినిపించినప్పటి బిగువు మళ్లీ అంతగా రాదు. కాబట్టి సస్పెన్స్ కోసమే అయితే ఐదు వాల్యూమ్‌లు చదివి ఆపేయండి, ఏమాత్రం తప్పు లేదు. మిగతా కథ త్వరగా తెలుసుకుందామని యానిమే (టీవీ కార్టూన్ సిరీస్) రెండో సీజన్‌కు మాత్రం వెళ్లొద్దు. 2021లో వచ్చిన ఆ పదకొండు ఎపిసోడ్లలో మాంగాలోని పెద్ద పెద్ద భాగాలు ఎగిరిపోయాయి. మొదటి సీజన్ పర్వాలేదు, మాంగాను దగ్గరగానే అనుసరించింది.

ఒక జాగ్రత్త. మాటలు తక్కువ కదా అని దీన్ని పరుగెత్తిస్తే సగం పోతుంది. దెమిజు ఆధారాలను కళ్లలో, చేతుల్లో, గది మూలల్లో దాస్తారు. మామా జేబు గడియారం లాంటి వస్తువు తీసి చూసుకునే చోట ఆగి చూడండి. ఆ చూపు ఎటు పోతోందో గమనిస్తే తర్వాతి పది పేజీల బరువు మారిపోతుంది.

శని, ఆదివారాలు మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లకు ఈ రెండింట్లో నెవర్‌లాండే మేలు. నిస్సందేహంగా.

ఎనిమిదేసి వాల్యూమ్‌లవి: ఎరేస్డ్, ప్లూటో

రోజూ అరగంట దొరికేవాళ్లకు నా మొదటి సలహా ఎరేస్డ్. కేయి సాన్బే సృష్టి, 2012 నుంచి 2016 దాకా యంగ్ ఏస్ పత్రికలో వచ్చింది. అసలు కథ 8 వాల్యూమ్‌లు. తొమ్మిదోది పక్క పాత్రల కథలు, తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. రెండు వారాల్లో పూర్తవుతుంది.

సతోరు ఫుజినుమాకు 29 ఏళ్లు. మాంగా గీసి పైకి రాలేక పిజ్జాలు డెలివరీ చేస్తుంటాడు. ఏదైనా ఘోరం జరగబోతుంటే కాలం అతన్ని కొద్ది నిమిషాలు వెనక్కి నెడుతుంది. తల్లి హత్య జరిగిన రోజు మాత్రం ఏకంగా 2006 నుంచి 1988కి, ఐదో తరగతి పిల్లాడి ఒంట్లోకి పడిపోతాడు. ఆ ఏడాది హినాజుకి కాయో అనే క్లాస్‌మేట్ కనిపించకుండా పోయింది. ఆ సాయంత్రం పార్కులో ఒంటరిగా నిలబడిన ఆమెను చూసి కూడా పలకరించకుండా వచ్చేశానన్న బాధ అతన్ని పద్దెనిమిదేళ్లుగా తొలుస్తోంది. కథకు ఇంధనం అదే. తేదీ దగ్గర పడుతోంది, ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. తర్కం గుర్తుంచుకోవాల్సిన పని లేదు, ఆ బాధ గుర్తుంటే చాలు. పది రోజులు వదిలేసినా మళ్లీ పట్టుకోగలగడానికి కారణం ఇదే.

లోపం కూడా చెప్పాలి. అనుమానితులు తక్కువ. చురుకైన పాఠకులు హంతకుణ్ణి సగం దాటకముందే పసిగట్టేస్తారు. ‘ఎవరు’ అన్న ముడి కోసమే చదివేవాళ్లు నిరాశపడతారు, ‘ఆపగలడా’ అన్న దడ కోసం చదివేవాళ్లకు ఢోకా లేదు. ఇంకొకటి, ఇంట్లో పిల్లల్ని హింసించే దృశ్యాలున్నాయి. చిన్న వయసువాళ్లకు చెప్పేముందు అది గుర్తుంచుకోండి. పన్నెండు ఎపిసోడ్ల యానిమే బాగుంటుంది గానీ చివరి భాగాన్ని బాగా కుదించారు. ముగింపు మాంగాలోనే చదవాలి.

ప్లూటో నవోకి ఉరసావా సృష్టి. 2003 నుంచి 2009 దాకా వచ్చింది, 65 చాప్టర్లు. ఒసాము తెజుకా పాత మాంగా ఆస్ట్రో బాయ్‌లోని ఒక కథను తీసుకుని హత్యల దర్యాప్తుగా తిరగరాశారు. ప్రపంచంలోకెల్లా బలమైన ఏడు రోబోలు ఒక్కొక్కటిగా ధ్వంసమవుతుంటే, ఆ ఏడింట్లో ఒకటైన డిటెక్టివ్ గెజిక్ట్ ఆ కేసు చేపడతాడు. పాత ఆస్ట్రో బాయ్ చదవకపోయినా ఇబ్బంది లేదు.

మొదటి వాల్యూమ్‌లో చూపులేని ఒక ముసలి సంగీతకారుడికి, అతని ఇంట్లో పనికి వచ్చిన యుద్ధ రోబోకు మధ్య మూడు చాప్టర్ల కథ ఉంది. పియానో నేర్చుకుంటానని రోబో అడుగుతుంది, ముసలాయన కసురుకుంటాడు. మూడు చాప్టర్లలో మొదలై ముగిసే ఆ చిన్న కథ కోసమైనా ఈ సిరీస్ తెరవొచ్చు. అరవై పేజీలు దాటితే ఎక్కువ దాటదు, ఒక్క కూర్చోటలో అయిపోతుంది. ఆ తర్వాత మాత్రం ప్లూటో బరువెక్కుతుంది. ఒక యుద్ధం, ఒక విచారణ బృందం, చాలామంది శాస్త్రవేత్తలు. పేర్లు పేరుకుపోతాయి. ఎరేస్డ్ అంత తేలిగ్గా మళ్లీ అందుకోలేం. అందుకే దీన్ని రెండో సిరీస్‌గా పెట్టుకోమంటాను, మొదటిదిగా కాదు.

మాన్‌స్టర్ సంగతి

ఈ ఐదింట్లో అన్నిటికన్నా గొప్పది ఏదంటే ఉరసావాదే అయిన మాన్‌స్టర్ అంటాను. తీరిక లేనివాళ్లకు మొదటగా చెప్పకూడనిదీ అదే. 1994 నుంచి 2001 దాకా బిగ్ కామిక్ ఒరిజినల్‌లో నడిచింది. 162 చాప్టర్లు, 18 వాల్యూమ్‌లు. పర్ఫెక్ట్ ఎడిషన్ అయితే లావుపాటి 9 వాల్యూమ్‌లు. 1986లో డ్యూసెల్‌డార్ఫ్‌లో కెంజో టెన్మా అనే జపాన్ న్యూరోసర్జన్ పై అధికారుల మాట కాదని, మేయర్‌ను వదిలి తన దగ్గరకు ముందు వచ్చిన బాలుడికి ఆపరేషన్ చేస్తాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ బాలుడు ఎలాంటివాడయ్యాడో తెలుస్తుంది.

ఇందులో లుంగె అనే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కీబోర్డు మీద కొట్టినట్టు గాలిలో వేళ్లు ఆడిస్తుంటాడు. విన్న ప్రతి ముక్కనూ కంప్యూటర్‌లో దాచినట్టు మెదడులో దాచుకుంటాడు. మాన్‌స్టర్ చదవడానికి కావలసింది సరిగ్గా ఆ వేళ్లే. జర్మన్ పేర్లు, చెక్ పేర్లు, రెండో వాల్యూమ్‌లో ఒక పూట కనిపించి పదో వాల్యూమ్‌లో తిరిగొచ్చే మనుషులు. రెండు మూడు చాప్టర్లకో చిన్న కథ ముగుస్తుంది కాబట్టి ముక్కలుగా చదవడం సుఖంగానే ఉంటుంది, కానీ ఆ ముక్కలు కలిసే చోట గుర్తులేనివాళ్లకు ఏమీ తగలదు. సెలవులు వచ్చినప్పుడు, రోజుకు రెండు వాల్యూమ్‌ల చొప్పున తొమ్మిది పది రోజులు కేటాయించి చదవండి. సెలవులు లేకపోతే ఒక కాగితం మీద కొత్తగా వచ్చిన ప్రతి పేరుకూ ఒక్క లైను రాసుకుంటూ వెళ్లండి: పేరు, ఊరు, టెన్మాతో ఏం సంబంధం. అంతకన్నా ఎక్కువ రాయక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా

మాంగా కుడినుంచి ఎడమకు చదవాలి. పేజీలో కుడివైపు పై గడి మొదటిది, గడిలో కుడివైపు బుడగ మొదటిది. అలవాటు కొద్దీ మనవైపు నుంచి పుస్తకం తెరిస్తే కనబడేది ఆఖరి పేజీలు. సస్పెన్స్ సిరీస్‌లో ఆ ఒక్క చూపుతో అంతా చెడుతుంది. గడుల మధ్య ఖాళీ తెల్లగా కాక నల్లగా ఉంటే చాలాసార్లు అది గతం. ఎరేస్డ్, మాన్‌స్టర్ లాంటివి చదివేటప్పుడు ఈ గుర్తు చాలా పనికొస్తుంది.

ఫోన్‌లో చదివితే కిందికి జార్చే పద్ధతి మానేసి పేజీ తిప్పే పద్ధతి, కుడి నుంచి ఎడమకు అని పెట్టుకోండి. గట్టి దృశ్యాలను పేజీ తిప్పగానే కనబడేలా గీస్తారు, జార్చుకుంటూ పోతే ఆ ముఖం ముందే అంచులో తొంగి చూస్తుంది. రెండు పేజీలకు పరిచిన బొమ్మ వస్తే ఫోన్ అడ్డంగా తిప్పండి. పాత్రల పేర్లు మాత్రం నెట్‌లో వెతక్కండి. పేరు సగం కొట్టేలోపే కింద వచ్చే సూచనల్లో ఎవరు పోయారో తెలిసిపోతుంది. మర్చిపోతే తర్వాతి వాల్యూమ్ మొదట్లో చూడండి, చాలా సిరీస్‌లలో పాత్రల పరిచయం, జరిగిన కథ అక్కడే ఇస్తారు.

చాప్టర్ చివర ఆపకండి. జంప్ లాంటి పత్రికల్లో పాఠకుల సర్వేల్లో వచ్చే ఓట్లను బట్టి సిరీస్ భవిష్యత్తు చాలావరకు తేలుతుంది, అందుకే ప్రతి చాప్టర్ ఆఖరి పేజీలోనూ గాలం వేసి ఉంచుతారు. రాత్రి పదకొండింటికి అక్కడ ఆపుదామనుకుంటే ఒంటిగంట అవుతుంది. తర్వాతి చాప్టర్‌లో మూడు నాలుగు పేజీలు చదివి, ఆ గాలం ఊడాక, మాటలు నెమ్మదించిన చోట పుస్తకం మూయండి.