జాగ్రత్త: 2,499 మీద గీత కొట్టి 699కి అమ్ముతున్న ఆ స్టీలు బాటిల్ జోలికి వెళ్ళకండి

ఎండాకాలం సేల్ పేరుతో మనందరి ఫోన్లలోనూ ఉన్న ఆ యాప్‌లో ఇప్పుడు మొదటి వరుసలోనే కనిపిస్తున్న లీటరు స్టీలు బాటిల్‌ను, అంటే నలుపు రంగులో ఉండి, మూతకు తాడు, ఒంటి మీద “24 గంటలు చల్లదనం, 12 గంటలు వేడి” అని తెల్లటి అక్షరాలు ఉన్న బాటిల్‌ను, దయచేసి ఎవరూ కొనకండి. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేజీ తెరిచినవారికి ఎటూ తెలుస్తుంది, తెరవనివారికి తెలియకపోవడమే మంచిది. నిన్న సాయంత్రం వాళ్ళ మనిషితో ఫోనులో మాట్లాడినప్పటి కోపం ఇంకా దిగలేదు కనుక, ఎక్కడైనా మాట కాస్త గట్టిగా పడితే మన్నించండి.

నేపథ్యం పెద్దగా లేదు. కొత్తగూడెం వైపు ఓపెన్‌కాస్టు గనిలో నాకు మొదటి షిఫ్టు. ఏప్రిల్, మే నెలల్లో బొగ్గు మీద నుంచి లేచే వేడి ఎలాంటిదో ఆ పని చేసినవారికి నేను చెప్పనక్కరలేదు, చేయనివారికి చెప్పినా తెలియదు. కొన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన పాత బాటిల్ ఎత్తు మీద నుంచి జారిపడి అడుగున సొట్టపోయింది, ఆనాటి నుంచే నీళ్ళు చల్లగా ఉంచడం మానేసింది. కొత్తది కావలసి వచ్చి యాప్ తెరిచాను. 2,499 మీద గీత కొట్టి, కింద 699 అని పెద్ద అంకెలు వేసి, పక్కన 4.3 రేటింగ్, వేలకొద్దీ రివ్యూలు, ఫొటోలో ఒక మూల ఐఎస్ఐ గుర్తు, వీటన్నిటి మీదా ఎర్రటి పట్టీలో “72 శాతం తగ్గింపు” అని ఉంది. తగ్గింపు కనిపించగానే చూసేవాడి బుద్ధి కూడా అంతే శాతం తగ్గుతుంది కాబోలు, మరో ఆలోచన లేకుండా ఆర్డరు పెట్టేశాను.

బాటిల్ వచ్చింది. చేతికి బరువుగా తగిలింది, ఆ బరువు చూసి మురిసిపోయాను కూడా. తెల్లవారుజామున ఫ్రిజ్ నీళ్ళు పోసి, మెడ దాకా ఐసు ముక్కలు వేసి పనికి తీసుకెళ్ళాను. టీ వేళకు సంచిలోంచి తీసేసరికి బాటిల్ ఒళ్ళంతా చెమట పట్టి ఉంది, టిఫిన్ డబ్బాకు చుట్టిన కాగితం తడిసి డబ్బాకే అంటుకుపోయింది. లోపలి చలి బయటి గోడ దాకా వస్తేనే గాలిలోని తేమ అక్కడ నీటిబొట్లుగా చేరుతుంది. సరిగ్గా తయారైన బాటిల్‌లో, లోపల ఐసు ఉన్న సంగతి బయటి గోడకు తెలియనే కూడదు. అన్నం వేళకు మూత తీసి తాగితే, ఆ నీళ్ళు కుళాయి నీళ్ళకు ఏమాత్రం తీసిపోకుండా ఉన్నాయి.

అయినా ఐసు చాలలేదేమో, మూత వదులుగా బిగించానేమో అని నన్ను నేనే అనుమానించుకుని, ఇంటికి వచ్చాక మరుగుతున్న నీళ్ళు పోసి చూశాను. ఇలాంటి బాటిల్‌కు లోపలొక గోడ, బయటొక గోడ ఉంటాయి, ఆ రెంటి మధ్య ఉన్న గాలిని తయారీలోనే లాగేసి సీలు వేస్తారు. గాలి లేకపోతే వేడి ఒక గోడ నుంచి మరో గోడకు పాకడానికి దాదాపు దారి ఉండదు. మెడ దగ్గర రెండు గోడలూ కలిసే చోట నుంచి, మూతలోంచే ముఖ్యంగా పోతుంది. అందుకే మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగినా మంచి బాటిల్ నడుము మామూలుగానే ఉంటుంది. నా బాటిల్ విషయంలో అంతసేపు ఆగవలసిన అవసరమే రాలేదు. చూస్తుండగానే నడుము వేడెక్కింది, ఇంకాసేపటికి పట్టుకున్న చెయ్యి వదిలేయవలసి వచ్చింది, మా ఆవిడ మసిగుడ్డ తెచ్చి చేతికిచ్చింది. “పైన పటారం, లోన లొటారం” అన్న మాట ఇలాంటి సరుకు గురించే పుట్టిందనుకుంటాం గానీ, ఈ బాటిల్‌కు లోన లొటారమైనా ఉంటే బాగుండేది. రెండు గోడల మధ్య ఏమీ లేకుండా ఉంచడానికే కదా మనం డబ్బిచ్చేది. వీళ్ళు అక్కడ నిండా గాలి పెట్టి పంపారు. వెనకటి గాజు ఫ్లాస్కు పాడైతే, ఊపగానే గాజుముక్కలు గలగలమని ఆ సంగతి అదే చెప్పేది. స్టీలు బాటిల్ ప్రాణం లేకపోయినా కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ కూర్చుంటుంది.

తిరిగి ఇచ్చేద్దామని చూస్తే, సన్నటి అక్షరాల్లో “రిటర్న్ లేదు, 7 రోజుల్లో రీప్లేస్‌మెంట్ మాత్రమే” అని ఉంది. సరే మార్చమన్నాను, మార్చి ఇచ్చారు, అదీ అంతే. ఈసారి ఎవరూ కాదనలేని విధంగా సాక్ష్యం ఉండాలని, మరుగునీళ్ళు పోసిన బాటిల్ బయటి గోడకు ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న కొద్దిగా అద్ది, అది కరిగి ధారగా కిందికి జారి బల్ల మీద మడుగు కట్టేదాకా వీడియో తీసి పంపాను. యాప్‌లోని చాట్ నుంచి “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము” అనే వాక్యం అడిగినప్పుడల్లా అక్షరం మారకుండా వచ్చింది. చివరకు అమ్మకందారే ఫోను చేస్తాడన్నారు. నిన్న సాయంత్రం చేశాడు.

మాట్లాడినతను మొదట మర్యాదగానే “చెప్పండి సార్” అన్నాడు. వీడియో చూశారా అని అడిగితే చూశామన్నాడు. వెన్న కరగడం చూశారా అంటే అదీ చూశామన్నాడు. మరి ఏమంటారు అంటే, “బయటికి అంత వేడి తెలుస్తోందంటే లోపల వేడి బాగా ఉన్నట్టే కదా సార్, బాటిల్ పనిచేస్తున్నట్టే” అన్నాడు. ఈ మాట అతను నవ్వులాటకు అనలేదు. చాలామందికి చెప్పి చెప్పి నలిగిన మాట అన్నట్టు, ఎక్కడా తడబడకుండా అన్నాడు. ఆ లెక్కన మా ఇంట్లో అల్యూమినియం గిన్నె కూడా ఫ్లాస్కే అవుతుంది కదా అన్నాను. దానికి జవాబు లేదు. కొంచెం ఆగి, గొంతు మార్చి, “సార్, 699కి ఇంతకన్నా ఏమొస్తుంది? గంటల తరబడి చల్లగా ఉండాలంటే రెండున్నర వేలు పెట్టి కొనుక్కోవాలి” అన్నాడు. మీ పేజీలో ఇది 2,499 బాటిల్ అనే కదా రాశారు అన్నాను. “అది ఎమ్మార్పీ సార్. మీరు కట్టింది 699. చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, ఆమాత్రం తెలియదా?” అని పెట్టేశాడు. తిరిగి చేస్తే ఆ నంబరు ఎత్తలేదు.

నష్టపోయిన 699 రూపాయల కన్నా ఆ ఒక్క మాటే రాత్రంతా నన్ను తిన్నది. అమ్మేటప్పుడు ఆ బాటిల్ రెండున్నర వేల వస్తువు, మనమేదో అదృష్టం కొద్దీ తక్కువకు కొట్టేస్తున్నట్టు తొందరపెడతారు, ఇంకా మూడే మిగిలి ఉన్నాయని భయపెడతారు. పాడైందని అడిగిన క్షణంలో అదే బాటిల్ 699 వస్తువైపోతుంది, అడిగినవాడు పిసినారి అయిపోతాడు. తగ్గింపు ధరకు అమ్మితే నాణ్యత కూడా అదే వరుసన తగ్గిస్తామని పేజీ మీద ఒక్క ముక్క రాసి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆ 2,499 అన్నది ఎప్పుడూ ఎవరూ కట్టని ధర అని నాకు ఇప్పుడు అర్థమైంది, ఆ గీత కొట్టడానికే ఆ అంకె పుట్టింది. తెలివైనవాణ్ణి అనుకుంటూ నా నెత్తికి నేనే కొలతలిచ్చి మరీ కుచ్చుటోపీ కుట్టించుకున్నాను.

కోపంలో అట్టపెట్టెను మళ్ళీ బయటికి తీసి చదివాను, మొదటి రోజే చేయవలసిన పని. మన దేశంలో అమ్మే స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కులకు, బాటిళ్ళకు ఐఎస్ 17526 అనే ప్రమాణం ఉంది, ఇంటి వాడకానికి అమ్మే ఇన్సులేటెడ్ ఫ్లాస్కులు, బాటిళ్ళకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది, అది 2024లో అమల్లోకి వచ్చింది. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. నాకు వచ్చిన బాటిల్ మీద గానీ పెట్టె మీద గానీ గుర్తు లేదు, నంబరు లేదు. పేజీలోని ఫొటోను పెద్దది చేసి చూస్తే అక్కడ గుర్తు బొమ్మ మాత్రమే ఉంది, దాని కింద నంబరు ఉండవలసిన చోటు ఖాళీ. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పూర్తి చిరునామా, తయారైన నెల, సంవత్సరం, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో ఉండాలని తూనికలు, కొలతల చట్టం కింద 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నా పెట్టె మీద బొద్దు అక్షరాల్లో 2,499 ఉంది, ఒక మెయిల్ అడ్రసు ఉంది, ఆ మెయిల్‌కు రాస్తే తిరిగి వచ్చేసింది. ఇలాంటి సరుకు ఏదో సందులోని చిన్న గోదాములోనే ఉంటుందనుకోకండి. 2025 మార్చిలో, ఈ ఐఎస్ఐ గుర్తుకు లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ బీఐఎస్ అధికారులు చెన్నై దగ్గర పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థల గోదాములు సోదా చేసినప్పుడు కూడా గుర్తు లేని ఫ్లాస్కులు, స్టీలు బాటిళ్ళు బయటపడ్డాయి.

రివ్యూల సంగతి చెబితే నవ్వొస్తుంది. ఇప్పుడు ఓపిగ్గా కిందికంటా చదివితే, “సాంబారు కారలేదు”, “మూడు గిన్నెలూ బాగున్నాయి” అని రాసినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఎప్పుడో అమ్మిన క్యారియర్ పేజీనే ఈ బాటిల్‌కు తగిలించి, దాని మంచిపేరు దీనికి అంటగట్టారన్నమాట. నేను సాంబారు పోసి చూడలేదు, అది నా లోపమే.

స్టీలు కూడా చెప్పినది కాదనే నా అనుమానం. అడుగున 304 అని ముద్ర ఉంది, కానీ మార్చి ఇచ్చిన బాటిల్ మెడ లోపల అతుకు వెంట అప్పుడే గోధుమరంగు చుక్కలు లేచాయి, వేలితో రుద్దితే వేలికి అంటుతున్నాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవక సరుకులో వాడే 201 రకంలో నికెల్ బాగా తగ్గించి మాంగనీసు పెంచుతారు, అది తుప్పుకు తొందరగా లొంగుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని మా గనిలో ఒకరు ధైర్యం చెప్పారు, పాపం ఆయన మంచికే చెప్పారు గానీ 201కి కూడా అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. ముద్ర కొట్టడానికి ముద్ర ఉంటే చాలు, 304 ఉండనక్కరలేదు.

నేను 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, యాప్ వాళ్ళ గ్రీవెన్స్ అధికారికి కూడా రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. అక్కడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు ఉండి తీరాలనీ లేదు. 699 కోసం ఇంత అవసరమా అని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. ఆమాత్రం తెలియదా అన్నందుకు అవసరమే.

ఇప్పుడు కొనబోయేవారికి ఒకటి రెండు మాటలు, ఎక్కువ రాసే ఓపిక నాకూ లేదు. బాటిల్ మీద ఉన్న సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకు ఇచ్చారో వస్తుంది. ఫొటోలోని గుర్తును నమ్మకండి. “డబుల్ వాల్” అని మాత్రమే రాసి వాక్యూమ్ అనే మాట లేకపోతే రెండు గోడల మధ్య గాలో, స్పాంజీ లాంటి ఫోమో ఉండవచ్చు. సరుకు వచ్చిన రోజే, రీప్లేస్‌మెంట్ గడువు అయిపోకముందే, మరుగునీళ్ళు పోసి మూత బిగించి కాసేపాగి నడుము, అడుగు తడిమి చూడండి, పెట్టె విప్పినప్పటి నుంచి వీడియో తీసుకోండి. వీలైతే ఊళ్ళో తెలిసిన స్టీలు సామాన్ల కొట్టులో బిల్లు రాయించుకుని కొనండి. వంద ఎక్కువైనా, తేడా వస్తే వెళ్ళి నిలబడి అడగడానికి ఒక గడప ఉంటుంది.

ఇది రాయడం ముగిస్తూ ఆ పేజీ మళ్ళీ తెరిచి చూశాను. ధర 649కి దిగింది. గీత కొట్టిన అంకె మాత్రం 2,499 నుంచి 2,999కి పెరిగింది.