విశాఖ విలువలు తెలియాలంటే ముందు వినాల్సింది వంగపండు పాటా, సిరివెన్నెల పాటా?

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు యంత్రం ఎలా నడుస్తుందో పాటగా కట్టి, దాని వెనకున్న కార్మికుడి కష్టాన్ని చూపించారు. ఉత్తరాంధ్ర యాస, కాళ్లకు గజ్జెలు, చుట్టూ జనం. అక్షరం రానివాడు కూడా పల్లవి అందుకుంటాడు. ఆ పాటకి వినేవాడు సొంత మనిషి.

అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి 1993లో ‘గాయం’ సినిమాకి రాసిన పాట అదే జనాన్ని నిగ్గదీస్తుంది. అన్యాయం కళ్లెదుటే జరుగుతుంటే నోరు మెదపరేమని కడిగేస్తుంది. చదువుకున్నవాడి ఒంటరి ఆక్రోశమది. నన్నూ కుదిపింది.

అయినా విశాఖ విలువలు తెలియాలంటే ముందు వంగపండునే వినమంటాను. షిప్‌యార్డు పక్కనున్న సింధియా దగ్గర షిఫ్టు దిగి ఇంటికెళ్లే మనుషుల మాటతీరు, ఒకరికొకరు నిలబడే గుణం అందులోనే వినిపిస్తాయి.