రక్తం ఎక్కేటప్పుడు బీపీ, టెంపరేచర్: నర్సే చూడాలా, నర్సింగ్ అసిస్టెంట్‌కి అప్పజెప్పొచ్చా?

చేతినిండా పని ఉన్నప్పుడు "ఆ బెడ్ వైటల్స్ (బీపీ, పల్స్, టెంపరేచర్) చూసి రా" అని అసిస్టెంట్‌తో అనేయడం తేలిక, మామూలు పేషెంట్ దగ్గర అది తప్పు కూడా కాదు. రక్తం ఎక్కుతున్న మనిషి దగ్గర మాత్రం మొదటి 15 నిమిషాలు నర్సు మంచం పక్కనుంచి కదలకూడదు, వార్డు ఎంత రద్దీగా ఉన్నా సరే. గ్రూపు సరిపడని రక్తమైతే కొద్ది మిల్లీలీటర్లకే రియాక్షన్ మొదలవ్వొచ్చు, ఒక్కోసారి మెషీన్ కంటే ముందే పేషెంట్ నోట ఆ సంగతి బయటపడుతుంది: "నడుము పట్టేసింది", "ఎందుకో భయంగా ఉంది". అసిస్టెంట్ బీపీ 120/80 అని రాసుకుని, నడుము కింద దిండు సర్ది వచ్చేస్తారు. పాపం, ఆ మాటకి అర్థమేంటో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అదే నర్సు వింటే వెంటనే రక్తం ఆపేసి, ట్యూబింగ్ మార్చి, నార్మల్ సెలైన్ పెట్టి, డాక్టర్‌ని పిలిచి, బ్యాగు మీది వివరాలు మళ్లీ సరిచూస్తుంది.

ఆ 15 నిమిషాలు దాటి పేషెంట్ నిలకడగా ఉన్నాడంటే, ఆసుపత్రి రూల్స్ ఒప్పుకుంటే, అసిస్టెంట్‌కి ఇవ్వడమే మేలు. కానీ చెప్పే తీరు ముఖ్యం. "కాస్త చూస్తుండండి" అంటే ఏం చూడాలి? "అరగంటకోసారి బీపీ, పల్స్, టెంపరేచర్ చూడండి, టెంపరేచర్ మొదట ఉన్నదానికంటే 1 డిగ్రీ సెల్సియస్ పెరిగినా, వణుకు, దద్దుర్లు, ఆయాసం ఏది వచ్చినా నన్ను పిలవండి" అనాలి. బ్యాగు సరిచూడటం, మొదలుపెట్టడం మాత్రం ఎప్పుడూ నర్సుల పనే.

పని అప్పజెప్పేటప్పుడు ఇలా విడమరిచి చెప్పడం వేరే పేషెంట్ల దగ్గరా అవసరమే. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) మైక్రోలీటరుకి 20,000 కంటే తగ్గినవాళ్లకి నోరు శుభ్రం చేయడం, స్నానం చేయించడం అసిస్టెంట్ చేయొచ్చు. మెత్తని బ్రష్ వాడమని, బ్లేడుతో గడ్డం గీయొద్దని, మలద్వారంలో థర్మామీటర్ పెట్టొద్దని ముందే చెప్పాలి. చిగుళ్లలో రక్తం, ఒంటిమీద ఎర్రటి చుక్కలు అసిస్టెంట్‌కే ముందు కనపడతాయి, వచ్చి నర్సుకి చెప్తే చాలు. అవి చూసి ఏం చేయాలో తేల్చేది నర్సే.

న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకి 500 కంటే తక్కువున్న పేషెంట్ దగ్గరికైతే జలుబు చేసిన అసిస్టెంట్‌ని అసలు పంపొద్దు. అక్కడ టెంపరేచర్ ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ తగిలినా గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, చార్టులో రాసేసి పక్క బెడ్‌కి వెళ్లిపోతే ఆ గంట కాస్తా అక్కడే అయిపోతుంది.