ఐఫోన్ సేఫ్టీ చెక్: ఎమర్జెన్సీ రీసెట్ నొక్కే ముందు

హింస ఉన్న ఇంట్లో ఫోన్ ఒక్కరిదిగా ఉండదు. లాక్ నంబరు అవతలి మనిషికీ తెలిసే ఉంటుంది, బలవంతంగా వేలు పెట్టించి తెరిపించడమూ జరుగుతుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకుని చేసిన సదుపాయం సేఫ్టీ చెక్. మీ లొకేషన్, ఫొటోలు, ఖాతా ఎవరెవరికి అందుతున్నాయో చూపి, వాటిని ఆపనిస్తుంది. యాపిల్ దీన్ని 2022లో ఐఓఎస్ 16తో ఇచ్చింది. ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి అనుమానం రేపే కొత్త యాప్ గుర్తేదీ తెరమీద కనబడదు. బాధితుల వైపు నుంచి చూస్తే అదే దీని పెద్ద బలం.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి కిందికి వెళ్తే సేఫ్టీ చెక్ ఉంటుంది. యాపిల్ ఖాతాకు టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టి ఉండాలి, లేకపోతే ఇది పనిచేయదు. ఎవరైనా గదిలోకి వస్తే పై మూలనున్న క్విక్ ఎగ్జిట్ నొక్కండి, వెంటనే హోమ్ స్క్రీన్ వచ్చేస్తుంది.

లోపల రెండు దారులున్నాయి. ఎమర్జెన్సీ రీసెట్ అందరితోనూ అన్ని యాప్‌లతోనూ షేరింగ్ ఒకేసారి ఆపేస్తుంది. మిగతా పరికరాల్లో ఐక్లౌడ్‌ను (యాపిల్ ఆన్‌లైన్ నిల్వ) సైన్ అవుట్ చేయిస్తుంది, మెసేజెస్, ఫేస్‌టైమ్‌లను చేతిలో ఉన్న ఫోన్‌కే పరిమితం చేస్తుంది, పాస్‌వర్డ్ మార్పిస్తుంది. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఇంకా అదే ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని ముందుగా నొక్కకూడదని మా గట్టి అభిప్రాయం. అవతలివాళ్లకు ఫోన్ కబురు పంపకపోవచ్చు. కానీ నిన్నటిదాకా మ్యాప్‌లో కనబడిన మనిషి ఇవాళ కనబడకపోతే ఎవరికైనా అర్థమవుతుంది. పట్టు జారిపోతోందని తెలిసిన ఆ గంటలే అన్నిటికన్నా ప్రమాదకరం. వెళ్లే చోటు, తోడు వచ్చే మనిషి ఖాయమయ్యాకే రీసెట్.

అంతవరకు రెండోదైన మేనేజ్ షేరింగ్ అండ్ యాక్సెస్‌ను చూడటానికే వాడండి. ఎవరికి లొకేషన్ వెళ్తోంది, ఏ ఆల్బమ్ పంచుకుని ఉంది, మీ ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉంది, అన్నీ బయటపడతాయి. దేన్నీ ఆపకుండా దాటేయవచ్చు. స్క్రీన్‌షాట్ మాత్రం తీయొద్దు, ఐక్లౌడ్ ఫొటోల ద్వారా అది అవతలి మనిషి తెరమీదే తేలవచ్చు. నమ్మకస్తుల ఫోన్‌తో ఫొటో తీయించడం నయం.

దీని పెద్ద లోటు, యాపిల్ గడప దాటి బయటికి చూడకపోవడం. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ మీరే తెరిచి చూడాలి. ఒక ఖాతాకు నాలుగు పరికరాల దాకా కలపవచ్చు, మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అక్కడ సందేశాలు చదవవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, గూగుల్ ఖాతాలో రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మరిచినప్పుడు ఖాతా తిరిగి తెరిచేది) కూడా విడివిడిగా చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో జనరల్ కింద వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్‌లో మీకు తెలియని ప్రొఫైల్ (ఫోన్‌ను బయటినుంచి అదుపు చేయనిచ్చే అమరిక) ఉంటే ఎవరో పెట్టినట్టే.

ఆండ్రాయిడ్‌లో ఇన్ని పనులు ఒకచోట చేసిపెట్టే ఇలాంటి ఏర్పాటు లేదు, అది నిజంగా బాధాకరం. అక్కడ మొదట ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ (హానికర యాప్‌లను పట్టే గూగుల్ రక్షణ) చూడండి. మీరు ఆపకుండానే ఆగి ఉంటే నిఘా యాప్ ఉండవచ్చు, ఎందుకంటే అలాంటివి ఎక్కించేవాళ్లు ముందు దాన్నే ఆపుతారు. కనబడిన యాప్‌నూ వెంటనే తీసేయొద్దు. తీసేస్తే ఆధారం పోతుంది, అవతల తెలిసిపోతుంది. సాయం కోసం చేసే కాల్స్, వెతుకులాట అన్నీ వేరే ఫోన్ నుంచే చేయండి.

ఆపదలో పిలుపు రెండు రకాల ఫోన్లలోనూ బాగుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు వెంటవెంటనే నొక్కితే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ మొదలవుతుంది. భారత్‌లో అమ్మే ఐఫోన్లలో సైడ్ బటన్ మూడుసార్లు నొక్కితే చాలు, మిగతావాటిలో సెట్టింగ్స్‌లోని ఎమర్జెన్సీ ఎస్ఓఎస్‌లో ఐదు నొక్కుల కాల్‌ను ఆన్ చేసుకోవాలి. మామూలుగా కౌంట్‌డౌన్‌లో సైరన్ మోగుతుంది, ఎదురుగా మనిషి ఉంటే అదే ముప్పు. ఐఫోన్‌లో కాల్ క్వయట్లీ ఆన్ చేయండి, ఆండ్రాయిడ్‌లో అలారం శబ్దం ఆపేయండి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. కాల్ ముగిశాక ఐఫోన్ ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లకు మీరున్న చోటు పంపుతుంది, చోటు మారితే మళ్లీ పంపుతుంది. పెళ్లయిన కొత్తలో పెట్టిన భర్త నంబరే అక్కడ ఉండిపోతే మీ దారి నేరుగా అతనికే చేరుతుంది. హెల్త్ యాప్‌లోని మెడికల్ ఐడీ తెరిచి, బయలుదేరే ముందే అక్కడ ఎవరి పేరుందో చూసుకోండి.