ఐదేళ్లుగా ఇంట్లోనే కటింగ్: ఈ మెషిన్‌లో నాకు నచ్చింది ఆ చిన్న మీటే

మావారికీ, ఇద్దరు పిల్లలకీ ఐదేళ్లుగా ఇంట్లో కటింగ్ చేస్తున్నది నేనే, అదీ ఒకే మెషిన్‌తో. మోటారు, బ్యాటరీ, డబ్బాలో ఎన్ని దువ్వెనలు వస్తాయి లాంటివన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది మెషిన్ పక్కన, బొటనవేలికి అందేలా ఉండే మీట గురించి.

మొదటి రెండేళ్లు దాని జోలికే పోలేదు. పక్కలకు రెండో నంబరు దువ్వెన (మెషిన్ మూతికి తగిలించేది, నంబరు పెరిగేకొద్దీ జుట్టు పొడుగ్గా మిగులుతుంది), పైన నాలుగో నంబరు, అంతే. ఆ రెండూ కలిసే చోట, చెవి పైన, గీత గీసినట్టు మెట్టు పడేది. కత్తెరతో సరిచేయబోతే ఎలుకలు కొరికినట్టయ్యేది. పెద్దాడు నన్ను ఒక్క మాట అనలేదు గానీ, కటింగ్ అయిన వారమంతా టోపీ తీసేవాడు కాదు. అది చూస్తే ప్రాణం చివుక్కుమనేది.

ఒకరోజు బ్లేడుకి నూనె వేస్తూ ఊరికే మీటను పైకీ కిందికీ ఆడించాను. చర్మానికి ఆనే కింది బ్లేడు కదల్లేదు. దాని మీద ఉన్న కోసే బ్లేడు మాత్రం కాస్త వెనక్కి జరిగింది. కింది బ్లేడు పళ్ల కొస నుంచి వెనక్కి పోయేకొద్దీ మందంగా ఉంటుంది కాబట్టి, వెంట్రుక ఆ మేరకు పొడుగ్గా మిగులుతుంది. ఒకటో నంబరు దువ్వెన 3 మి.మీ., రెండోది 6 మి.మీ. ఒకటోది పెట్టి మీట కిందికి దించితే ఆ రెండింటికీ మధ్య కొలత వస్తుంది. అంటే దువ్వెన మార్చకుండానే సగం నంబరన్నమాట.

ఆ ఆదివారమే పెద్దాణ్ణి కూర్చోబెట్టాను. కింద ఒకటి, పైన రెండు కోసేశాక, గీత పడ్డచోట ఒకటో నంబరు దువ్వెనతోనే మీట దించి, కింద నుంచి పైకి తెచ్చి, గీత దగ్గరకు రాగానే చెంచాతో తోడినట్టు మణికట్టు బయటికి తిప్పాను. నాలుగైదుసార్లు అలా చేసి వేలితో రాసి చూస్తే అంచు తగల్లేదు. వాడు కూడా చెవి పైన తడుముకుని, "మెట్టు ఏదమ్మా?" అన్నాడు. ఆ వారం టోపీ బయటికి రాలేదు.

అప్పట్నుంచి తెలిసినవాళ్లందరికీ ఈ మీట గురించి చెబుతూనే ఉన్నాను. అయితే నాలుగో ఏడు జరిగిందీ చెప్పాలి. బడిలో ఫోటో ఉందంటే ముందురోజు రాత్రి చిన్నాడికి కటింగ్ చేశాను. ఎడమవైపు నున్నగా వచ్చింది. కుడివైపూ అలాగే చేశాననుకున్నాను. పొద్దున ఎండలో నిలబడితే చూద్దును కదా, కుడివైపు నల్లగా, ఎడమవైపు పలచగా ఉంది! మెషిన్ అదురుకి మీట దానంతటదే కిందికి జారిపోయింది. నేను చూసుకోలేదు. బస్సు వచ్చే టైమయింది, ఒకటే టెన్షన్. యూనిఫాం మీద తువ్వాలు కప్పి గబగబా కుడివైపు మళ్లీ తీశాను. ఆ హడావుడిలో చెవి వెనక కాస్త ఎక్కువే పోయింది. వాడు ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది.

తర్వాత చూస్తే మీట కింద స్క్రూ వదులైంది. బిగిస్తే రెండు నెలలు నిలుస్తుంది, మళ్లీ వదులవుతుంది. ఇప్పుడు ఒకవైపు అయి రెండోవైపు మొదలుపెట్టే ముందు మీట ఎక్కడుందో చూస్తాను, కోస్తున్నంతసేపూ బొటనవేలు దాని మీదే ఉంచుతాను. ఇంకో సంగతి. శుభ్రం చేయడానికి బ్లేడు విప్పితే, బిగించేటప్పుడు పైబ్లేడు పళ్లు కింది పళ్ల కంటే వెంట్రుకవాసి వెనకే ఉండాలి. ఒకసారి ముందుకు వచ్చాయని గమనించక, మీట పూర్తిగా పైకి పెట్టి మావారి మెడ వెనక సాపు చేస్తుంటే చర్మం గీసుకుపోయింది.

మిగతావన్నీ అలవాటు మీద వచ్చేవే. తలస్నానం చేయించినా పూర్తిగా ఆరాకే మెషిన్ పెడతాను, తడి వెంట్రుకలు తలకు అతుక్కుని దువ్వెనలోకి లేవవు. సుడి దగ్గర ఒక నంబరు ఎక్కువే ఉంచుతాను, పొట్టిగా తీస్తే అక్కడ నిక్కబొడుచుకుంటాయి.

మావాళ్లవి ఒత్తుగా, తిన్నగా ఉండే జుట్లు. రింగుల జుట్టు మీద నేను ప్రయత్నించలేదు. తలంతా ఒకే నంబరు తీసేవాళ్లకు మీట ఉన్నా లేకున్నా ఒకటే. మళ్లీ కొనాల్సి వస్తే మాత్రం మీట ఉన్నదే కొంటాను, కాకపోతే చేత్తో ఆడించి చూసి, మీట జరిపిన ప్రతిచోటా టక్కున ఆగేదైతేనే. అంతదాకా ఈ మెషిన్ డబ్బాలో దువ్వెనల పక్కనే చిన్న స్క్రూడ్రైవర్ ఉంటుంది.