పక్కింటి వెలుతురుకు ఏ కొలత మేలు: వీఎస్‌సీయా, నో స్కై లైనా?

ఇంగ్లండ్‌లో కొత్త కట్టడానికి ప్లానింగ్ దరఖాస్తు పెట్టేవారు, దానివల్ల పక్క ఇళ్లలో వెలుతురు ఎంత తగ్గుతుందో తెలిపే నివేదికను తరచుగా కౌన్సిల్‌కు సమర్పించవలసి వస్తుంది. ఈ నివేదికలు ప్రధానంగా బీఆర్‌ఈ అనే భవన పరిశోధన సంస్థ మార్గదర్శిని బీఆర్ 209ను అనుసరిస్తాయి. దాని మూడవ కూర్పు 2022లో వెలువడింది. అందులో పొరుగువారికి ముఖ్యమైన వెలుతురు కొలతలు రెండు.

వర్టికల్ స్కై కాంపొనెంట్, అంటే వీఎస్‌సీ, కిటికీ బయటి ముఖం మధ్యభాగానికి అందే ఆకాశపు వెలుతురు, ఏ అడ్డూ లేని ఆరుబయట చదునైన తలానికి అందేదానిలో ఎంత శాతమో లెక్కిస్తుంది. ఎదురుగా ఏ అడ్డూ లేని కిటికీకి సైతం అది 40 శాతానికి కాస్త తక్కువగానే ఉంటుంది. నిర్మాణం తరువాత ఈ విలువ 27 శాతం కంటే తగ్గి, మునుపటి విలువలో 0.8 వంతు కంటే కూడా తక్కువైతే, ఇంట్లోవారికి ఆ లోటు తెలుస్తుందని మార్గదర్శిని చెబుతుంది. 30 శాతం ఉన్న కిటికీకి 22 మాత్రమే మిగిలితే అది ఈ పరీక్షలో తప్పినట్లే. అయితే లోపలి గది ఎంత లోతుగా ఉందో, కిటికీ ఎంత పెద్దదో ఈ కొలత పట్టించుకోదు.

ఆ లోపాన్ని నో స్కై లైన్ కొంత పూరిస్తుంది. ఇళ్లలో నేల నుంచి 0.85 మీటర్ల ఎత్తున, గదిలో ఎంత భాగం నుంచి ఆకాశం నేరుగా కనిపిస్తుందో అది గీత గీసి చూపుతుంది. ఆ భాగం మునుపటిలో 0.8 వంతు కంటే తగ్గకూడదు. గది వెనుక గోడ దగ్గర బల్ల వేసుకుని చదువుకునే పిల్లలకు నిజంగా సంబంధించిన ప్రశ్న ఇదే కనుక, ఈ కొలత అంటే నాకు గౌరవం. కాని ఆకాశం సన్నని చీలికగా కనిపించినా, విశాలంగా కనిపించినా దీనికి ఒక్కటే. పైగా గది కొలతలు సరిగా తెలియాలి; పొరుగింట్లోకి వెళ్లి చూడని నివేదికలో అవి ఊహలే కావచ్చు. ఒకవైపే కిటికీ ఉండి 5 మీటర్లకు మించి లోతున్న గదులలో గీత ఎక్కువగా జరగడం తప్పకపోవచ్చని మార్గదర్శినే ఒప్పుకుంటుంది.

ఒక్కదానినే ఎంచుకోవలసి వస్తే నేను వీఎస్‌సీ వైపే ఉంటాను, ఎందుకంటే దానికి గది లోపలి ఊహలతో పని లేదు. వీఎస్‌సీలో తప్పిన కిటికీని, నో స్కై లైన్‌లో నెగ్గిందన్న ఒక్క కారణంతో సమర్థించే నివేదికను కౌన్సిల్ సులువుగా అంగీకరించకూడదు. గది కొలతలు స్వయంగా తీసినప్పుడు మాత్రం రెండింటినీ సమానంగా తూచడమే న్యాయం.