మాట తప్పిన ఊరు ఎలా ఉందంటే

హామెల్న్ చూడాలనుకునేవారు ఆదివారమే వెళ్లాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి కొనుగోళ్ల సరదా ఉన్నవారికి ఈ సలహా రుచించదు. అయితే మే నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు ‘పెళ్లిళ్ల భవనం’ ముందున్న అరుగు మీద, వేణువు ఊది ఈ ఊరి ఎలుకలను, తర్వాత పిల్లలను వెంట తీసుకుపోయిన పైడ్ పైపర్ నాటకం ఆడతారు. టికెట్టు లేదు. ఆ అరగంట ముందు ఏ బజారూ ఎక్కువ కాదు.

హానోవర్ ప్రధాన స్టేషన్‌లో ఎస్5 లోకల్ రైలు ఎక్కితే ముప్పావు గంట ప్రయాణం. దిగాక పాత ఊరికి నడిచే వెళ్లవచ్చు. అక్కడ నేల మీద వేసిన ఎలుక గుర్తులే దారి చూపిస్తాయి, గైడు అవసరం పడలేదు.

ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ దీని మీద రాసిన కవిత చదివినవారికి కథ కొత్త కాదు. జబ్బుపడిన ఒక పిల్లవాడి కోసం, నటుడు మెక్రెడీ కొడుకు విల్లీ కోసం, ఆయన దాన్ని రాశాడు. అచ్చయింది 1842లో. ఎలుకల బాధ పడలేక ఊరి పెద్దలు తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు రంగురంగుల బట్టల పైపర్ వస్తాడు. ఎలుకలను వదిలిస్తే వెయ్యి గిల్డర్లు (పాతకాలపు నాణేలు) ఇస్తారా అంటే, వెయ్యేమిటి, యాభై వేలైనా ఇస్తామంటారు. ఎలుకలన్నీ వేజర్ నదిలో మునిగాక, యాభై తీసుకుని వెళ్లమంటారు. ఏరు దాటాక తెప్ప తగలేసే పెద్దలు. పైపర్ మళ్లీ వేణువు ఊదుతాడు. ఈసారి వెంట నడిచింది పిల్లలు. కొండలో తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కుంటివాడు కావడంతో వెనకబడిన ఒక్క పిల్లవాడు మిగులుతాడు.

ఆ కవితను మనసులో పెట్టుకుని వెళ్లినవారికి ఓస్టర్‌స్ట్రాసె వీధిలోని ‘ఎలుకలు పట్టేవాడి ఇల్లు’ దగ్గర చిన్న దెబ్బ తగులుతుంది. 1602లో మొదలుపెట్టి కట్టిన ఈ రాతి ఇంటికీ పైపర్‌కూ చుట్టరికం లేదు. పేరు వచ్చింది పక్క గోడ మీది శాసనం వల్ల. 1284 జూన్ 26న రంగురంగుల బట్టలు కట్టిన ఒక వేణువు వాద్యకారుడు హామెల్న్‌లో పుట్టిన 130 మంది పిల్లలను తీసుకుపోయాడని, వాళ్లు కొండ దగ్గర కనిపించకుండా పోయారని అందులో ఉంది. అంతే. ఎలుకలు లేవు, బేరం లేదు, మాట తప్పడమూ లేదు. బ్రౌనింగ్ చెప్పిన తేదీ కూడా వేరు, 1376 జూలై 22. పదిహేనో శతాబ్దపు రాతప్రతిలో సైతం పిల్లలే ఉన్నారు. ఎలుకలు కథలోకి దూరింది పదహారో శతాబ్దంలో. నాకైతే ఎలుకలున్న కథ కంటే ఈ గోడ మీది నాలుగు ముక్కలే ఎక్కువ భయం పుట్టించాయి. తప్పు చేసినవాడు ఉంటే శిక్ష అని సరిపెట్టుకుంటాం, ఇక్కడ అదీ లేదు.

ఆ గోడ ఉన్న సందు పేరు బుంగెలోజెన్‌స్ట్రాసె. ఇక్కడ డప్పు మోగకూడదు, పాట వినిపించకూడదు. పెళ్లి ఊరేగింపైనా ఇక్కడికి వచ్చేసరికి వాయిద్యాలు ఆపాలన్నది ఆచారం. ఇలాంటి వీధిలో సత్రం, సారాయి దుకాణం పెట్టనివ్వలేదని బ్రౌనింగ్ రాశాడు. ఇప్పుడు సందు మొగన ఉన్న ఆ ఇంట్లోనే చాలాకాలంగా రెస్టారెంటు ఉంది! ‘ఎలుక తోకలు’ అక్కడి ప్రసిద్ధ వంటకం. పంది మాంసాన్ని సన్నగా కోసి చేస్తారు, కంగారు పడనక్కర్లేదు. శాకాహారులు మాత్రం పిజ్జా దుకాణాలు చూసుకోవడమే మేలు.

నాటకం జర్మన్‌లో సాగినా భాష అడ్డు రాలేదు. నటులు ఊరివాళ్లే. బూడిదరంగు దుస్తుల ఎలుకల్లో అందరికంటే చిన్నది తన తోకను తానే తొక్కి పడబోయింది. వెంటనే తోకను చంకలో ఇరికించుకుని మిగతా ఎలుకల వెనక నదిలో చావడానికి పరుగెత్తింది. ఇది చూశాక అదే భవనంపై గంటల మోతతో తిరిగే బొమ్మల కోసం 1:05కో, 3:35కో మెడ నొప్పిపుట్టేలా నిలబడనక్కర్లేదు. ఆ సమయం మ్యూజియానికి ఇవ్వండి. పిల్లలంటే అసలు పిల్లలు కారని, తూర్పు ఐరోపాలో కొత్త ఊళ్లు కట్టడానికి వలస వెళ్లిన యువకులని చెప్పే వాదం సహా అన్నీ అక్కడ తెలుస్తాయి. సోమవారం సెలవు.

బస విషయానికొస్తే, ఒక రాత్రి ఉండటం మంచిది. సాయంత్రానికి పర్యాటక బృందాలు వెళ్లిపోతే చెక్క కట్టడాల వీధులన్నీ మనవే. నది ఒడ్డున హోటల్ స్టాట్ హామెల్న్ ఉంది. ఒకప్పుడు అది జైలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెల్జెన్ నిర్బంధ శిబిరాధిపతి జోసెఫ్ క్రామర్ వంటి నాజీ నేరస్థులను బ్రిటిష్‌వాళ్లు ఉరితీసింది ఆ జైలులోనే. ఇది చదివిన మా ఆవిడ ఆ ఊసెత్తనివ్వలేదు. పాత ఊళ్లో ఒక చిన్న అతిథిగృహంలో దిగాం. ప్రకటనలో లిఫ్టు ఉందన్నారు, ఉన్నవి నిచ్చెనలాంటి చెక్క మెట్లు. యజమానురాలు వాదించలేదు. ఒక పెట్టె తానే మోసి, ఉదయం ఫలహారం డబ్బు బిల్లులోంచి కొట్టేశారు. కవితలో మాట తప్పిన మేయరు కంటే చాలా నయం. రొట్టె, జామ్, చీజ్ బాగున్నాయి, కాఫీ నీళ్లగా ఉంది.

సోమవారం తెరిచే దుకాణాల్లో గట్టి పిండితో చేసిన ఎలుకలు అమ్ముతారు. తినేవి కావు, అలంకరణకే. ఇంకో పూట చేతిలో ఉంటే, నది ఎగువన ఉన్న బోడెన్‌వెర్డర్‌కు వెళ్లండి. కోతల రాయుడిగా పేరుపడ్డ బారన్ మున్‌హౌసెన్ 1720లో పుట్టిన ఊరది. బస్సు ఉంది, ఓపికున్నవారికి నది పక్కనే సైకిల్ దారీ ఉంది.